రంగు తర్వాత, ముందు నీళ్ళ సంగతి: పాత చర్చిలున్న పాస్టరేట్ కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రెస్బిటర్ అయ్యగార్లకు, పాస్టరేట్ కమిటీల కార్యదర్శులకు, కోశాధికారులకు, సంఘ పెద్దలకు,

వందనాలు. సున్నం పని, కలప పని, పాత రికార్డుల పని చేసేవాళ్ళం కొందరం కలిసి రాస్తున్న లేఖ ఇది. వందేళ్ళు దాటిన ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) చర్చిలు మీ చేతుల్లో ఉన్నాయి. సికింద్రాబాదులో 1813 నాటి సెయింట్ జాన్స్, బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ అందరికీ తెలిసినవే. కృష్ణా, గుంటూరు, ఖమ్మం, వరంగల్లు పల్లెల్లో పేరు కూడా బయటికి రానివి ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఇప్పుడు జరుగుతున్నది ఒకటే. జూబిలీయో, శతాబ్దో వస్తుంది. చందా పుస్తకం అచ్చవుతుంది. అక్టోబరులో కాంట్రాక్టరు దిగుతాడు. గోడలకు సిమెంటు, నేలకు టైల్స్, పైన ఎమల్షన్ పూర్తిచేసి డిసెంబరు 20కల్లా తాళాలు అప్పగిస్తాడు. మూడో వానాకాలానికి గోడ పొక్కులు పొక్కులుగా లేస్తుంది. అప్పటికి కమిటీ మారిపోయి ఉంటుంది.

మా విన్నపం ఒక్కటే. రంగు పని టెండరు ఎక్కడుంటే అక్కడ ఆపండి. ముందు నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడండి. ఆ తర్వాత సున్నం. ఆ తర్వాతే రంగు, అదీ వెల్ల మాత్రమే.

ఈ భవనాలు కట్టినవాళ్ళలో చాలామంది ఆర్కిటెక్టులు కారు, సైన్యంలో ఇంజినీర్లు. మద్రాసు సెయింట్ జార్జి చర్చి ఇందుకు మంచి ఉదాహరణ. అది మొదట మద్రాసులో చౌల్ట్రీ ప్లెయిన్ అనే ప్రాంతం చుట్టుపక్కల తోటబంగళాల్లో ఉండే దొరల కోసం కట్టిన చర్చి. 1816 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. 1835లో మద్రాసు డయోసిస్ (బిషప్ పాలన కింది ప్రాంతం) ఏర్పడ్డాక కెథీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే చర్చి అయింది. అప్పట్లో తెలుగు జిల్లాల ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆ డయోసిస్ కిందే ఉండేవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) పుట్టిందీ అక్కడే. ఆ భవనం నమూనా ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజినీరు జేమ్స్ కాల్డ్వెల్‌ది, కట్టుబడిలో ఆయనతో పనిచేసినవాడు థామస్ ఫియట్ డి హావిలాండ్. తర్వాత స్కాట్లండు సంఘంవాళ్ళకు సెయింట్ ఆండ్రూస్ కట్టినప్పుడు మద్రాసు మెత్తటి నేల చూసి, ఇక్కడివాళ్ళు వాడే బావి పునాదుల పద్ధతినే డి హావిలాండ్ ఎంచుకున్నాడు. ఈ రెండు చర్చిలనూ లండన్ చర్చిల బొమ్మలు ముందు పెట్టుకుని గీసినా, గోడకు వాడింది ఇక్కడి ఇటుక, ఇక్కడి సున్నం, ఇక్కడి మేస్త్రీ చెయ్యి. లోపల పాలరాయిలా మెరిసే తెలుపు నిజానికి గుల్లసున్నంతో (గుల్లలు కాల్చి చేసే సున్నంతో) చేసిన మద్రాసు సన్నపు పూత. కడపటి పొరను నున్నటి రాయితో గంటల తరబడి రుద్ది ఆ మెరుపు తెచ్చారు.

అంతకంటే పాతది మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి. 1678 మార్చి 25న మొదలై 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ అయింది. గవర్నరు స్ట్రేన్షామ్ మాస్టర్ పూనుకుంటే కోటలో ఉద్యోగుల చందాలతో లేచింది. ఆ మాస్టర్ మచిలీపట్నం ఫ్యాక్టరీ (కంపెనీ వర్తక స్థావరం) లెక్కలు చూడటానికి మన తీరానికి వచ్చి డైరీ రాసినవాడే. ఆ చర్చి బయటి గోడలు 4 అడుగుల మందం, కప్పు 2 అడుగుల మందాన ఇటుక కమాను. ఫిరంగి గుండు పడినా, తుపాను వచ్చినా నిలవాలని కప్పులో కలప వాడలేదు. డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ సంగతి వేరు. బిషప్ అజరయ్య గారు గుళ్ళ స్తంభాలు, మసీదుల గుమ్మటాలు కలిపి ఆలోచించి కట్టించిన ఆ భవనానికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఊరికో తీరు, కాలానికో తీరు. కానీ పాత ఇటుక, సున్నం కట్టడాలన్నిటికీ ఒకే లెక్క: గోడ తాగిన చెమ్మ గోడలోంచే బయటికి పోవాలి. అందుకే సున్నం వాడారు. ఆ దారి మూస్తే ఎంత మందం గోడైనా లోపలినుంచి కుళ్ళుతుంది.

నీళ్ళతో మొదలుపెడతాం. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 300 చదరపు మీటర్ల కప్పు ఉన్న చర్చి మీద ఒక్క పూటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 15,000 లీటర్లు, అంటే రెండు మూడు ట్యాంకర్ల నీళ్ళు, గోడ పక్కనే దిగుతాయి. ఆ నీళ్ళను దూరంగా పంపే గొట్టాలు చాలా చర్చిల్లో విరిగిపోయో, అడుగున ఎల్బో ఊడిపోయో ఉంటాయి. గొట్టం 4 అంగుళాలకు తగ్గకూడదు. కింద నీళ్ళు గోడ మొదట్లో పడకుండా కాలవలోకి చేరాలి. మే నెలాఖరులో ఒకసారి నిచ్చెన వేసి కాలవల్లో ఆకులు, పిచ్చుక గూళ్ళు, క్రికెట్ బంతులు తీయించండి. మొదటి పెద్ద వాన కురుస్తుండగా గొడుగు పట్టుకుని చర్చి చుట్టూ ఒక్క చుట్టు తిరగండి. ఎండలో ఏ ఇంజినీరుకూ కనబడనిది వానలో కార్యదర్శి గారికే కనబడుతుంది. నీళ్ళు గోడమీదుగా జారేచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫోటో తీసి ఉంచండి.

తర్వాత నేల మట్టం. వందేళ్ళలో చర్చి చుట్టూ మట్టి పెరుగుతుంది. సమాధులు తవ్విన మట్టి, రోడ్డు ఎత్తు, పెళ్ళిళ్ళకని వేసిన సిమెంటు పలకలు, అన్నీ కలిసి బయటి మట్టం లోపలి గచ్చుకంటే పైకి వచ్చేస్తుంది. బయటి మట్టం లోపలి గచ్చుకంటే కనీసం 6 అంగుళాలు కిందుండాలి. గోడకు ఆనించి వేసిన సిమెంటు పలకను తీయించి, ఆ చోట అడుగు వెడల్పున గులకరాళ్ళు నింపండి. చాలా సందర్భాల్లో ఈ ఒక్క పనితోనే గోడమీద చెమ్మ గీత తర్వాతి ఏటికి కిందికి దిగుతుంది. దీనికయ్యే ఖర్చు రంగు పని ఖర్చులో చిన్న ముక్క. దీన్ని ఎవరూ టెండరులో పెట్టరు, ఎందుకంటే శిలాఫలకం మీద రాసుకోవడానికి ఇందులో ఏమీ కనబడదు.

లోపల టైల్స్ వేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. పాత నేల షాబాదు బండో, కడప బండో, సున్నపు గచ్చో అయి ఉంటుంది. నేలలోని చెమ్మ బండల సందుల్లోంచి మెల్లగా ఆరిపోతూ ఉంటుంది. దానిమీద 4 అంగుళాల కాంక్రీటు పోసి విట్రిఫైడ్ టైల్స్ పరిస్తే ఆ చెమ్మకు మిగిలిన దారి గోడలే. అడుగు ఎత్తున ఉండే తడి మూడు నాలుగడుగులకు ఎక్కుతుంది. అప్పుడు గోడకు సిమెంటు పూస్తే ఇంకా పైకి ఎక్కి, జ్ఞాపక ఫలకాల వెనక తేలుతుంది. నీటితోపాటు ఉప్పు వస్తుంది. నీరు ఆరి, ఉప్పు రవ్వలుగా గట్టిపడినప్పుడల్లా ఇటుక ముఖం పొడిగా రాలుతుంది. సిమెంటు మాత్రం గట్టిగానే కనబడుతుంది. వేలితో తడితే డొల్ల మోత వినిపిస్తుంది, వెనక ఇటుక పిండైపోయి ఉంటుంది.

అలాగని ఉన్న సిమెంటునంతా ఒక్కసారి పీకించమని మేం అనడం లేదు. చెక్క సుత్తితో గోడంతా తట్టించండి. డొల్లగా మోగేచోట చేతి ఉలితో నెమ్మదిగా తీయించండి, డ్రిల్లింగ్ మెషిన్ లోపలికి రానివ్వొద్దు. సిమెంటుతోపాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంటే అక్కడితో ఆపేయండి, గట్టిగా ఉన్నది ఉండనివ్వండి. తీసినచోట గోడను నీళ్ళతో కడగొద్దు. పొడి బ్రష్షుతో ఉప్పు దులిపి, దులిపినది కిందపడకుండా సంచిలోకి ఎత్తించండి, లేకపోతే అదే ఉప్పు మళ్ళీ గోడలోకి పోతుంది. ఆ తర్వాత గోడను ఆరనివ్వాలి. అంగుళం మందానికి సుమారు ఒక నెల అన్నది పనివాళ్ళ లెక్క. రెండడుగుల గోడ రెండు వైపులనుంచీ ఆరినా ఏడాది పడుతుంది. కమిటీలకు కష్టంగా ఉండేది ఇక్కడే, ఏడాదిపాటు చర్చి గోడ మొండిగా కనబడాలంటే ఎవరూ ఒప్పుకోరు. సంఘానికి ముందే చెప్పండి. ఆదివారం ప్రకటనల్లో రెండు నిమిషాలు చాలు.

ఇక డంగు సున్నం, అంటే గానుగలో నూరి వాడే సున్నం. రాళ్ళ సున్నాన్ని గుంటలో నీళ్ళు పోసి చల్లార్చి, పైన నీళ్ళు నిలిపి కనీసం మూడు నాలుగు వారాలు మాగనివ్వాలి. సంచిలో వచ్చే పొడి సున్నం తెచ్చి అదే రోజు కలిపితే గోడమీద తర్వాత చిన్న చిన్న పొక్కుల్లా పేలుతుంది, లోపల చల్లారని గింజలు ఉంటాయి కనుక. మాగిన సున్నం 1 పాలు, కడిగిన ఇసుక 3 పాళ్ళు మామూలు పూతకు సరిపోతుంది. తడి ఎక్కువ తగిలే అడుగు భాగంలో సున్నం 1, సుర్ఖీ 1, ఇసుక 2 వేయండి. సుర్ఖీ అంటే తక్కువ సెగలో కాలిన ఇటుక పొడి. ఎర్రగా మాడిన ఇటుకను దంచితే రంగు తప్ప గుణం ఉండదు. ఇదంతా గానుగలో తిరగాలి. ఎద్దుల గానుగ దొరక్కపోతే మోటారు గానుగ దొరుకుతుంది. కాంక్రీటు మిక్సర్లో మాత్రం కుదరదు, అది కలుపుతుంది తప్ప నూరదు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపితే సున్నానికి పట్టు పెరుగుతుంది. ఎక్కువైతే నల్లమచ్చలు, బూజు, చీమలు వస్తాయి. గుడ్డు తెల్లసొన గురించి కథలు చాలా ఉన్నాయి. అది మెరిసే పై పూతకు వాడేది. గోడ మొత్తానికి వేల గుడ్లు కావాలని చెప్పే కాంట్రాక్టరుకు మర్యాదగా టీ ఇచ్చి పంపించేయండి.

పూత ఒక్కో పొర 10, 12 మిల్లీమీటర్లకు మించకూడదు. గోడను ముందురోజు తడిపి ఉంచాలి. పొరకూ పొరకూ మధ్య కనీసం వారం వదలాలి. తడి గోనెలు కట్టి రెండు వారాలు నీడలో ఉంచాలి. సున్నం గాలిని తీసుకుని గట్టిపడుతుంది, దానికి తడీ కావాలి, సమయమూ కావాలి. మండుటెండలో వేస్తే ఆరిపోయి నెర్రెలిస్తుంది. వానలో వేస్తే కొట్టుకుపోతుంది. మన ప్రాంతంలో దీనికి మంచి కాలం జనవరినుంచి మార్చి మొదటి వారం దాకా, అంటే క్రిస్మస్ అయ్యాక. అక్టోబరులో మొదలెట్టి డిసెంబరుకు అప్పగించే పని సున్నంతో జరగదు. జరిగిందని ఎవరైనా చెప్పారంటే అందులో సిమెంటు కలిపారని అర్థం. గట్టితనం కోసం కొంచెం సిమెంటు కలుపుతాం అంటే కూడా ఒప్పుకోవద్దు. ఆ కొంచెమే సున్నపు గుణాన్ని పోగొడుతుంది, సిమెంటు బలమూ రాదు.

వెల్ల సులువు. మాగిన సున్నాన్ని పాలలా పలచన చేసి, గుడ్డలో వడగట్టి, కొంచెం గంజో జిగురో కలిపి, తడిపిన గోడమీద నాలుగైదు పలచటి పూతలు వేయాలి. చిక్కగా ఒకేసారి వేస్తే పెచ్చులు లేస్తుంది. చొక్కాకు అంటుకుంటుందని ఫిర్యాదు వస్తుంది. గంజి పాళ్ళు సరిగ్గా ఉంటే అంటుకోదు. నీళ్ళు తక్కువైన వెల్లే అంటుకుంటుంది.

కప్పు గురించి. మీ చర్చికి మద్రాసు టెర్రస్ ఉంటే, టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు అంచున నిలబెట్టి ఐమూలగా పేర్చి, పైన 3 అంగుళాల ఇటుక కంకర సున్నం వేసి, రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచి, ఆపైన పలచటి పలకలు పరిచి ఉంటారు. కారితే దానిమీద సిమెంటు కాంక్రీటు పొర పోయడం ఇప్పటి అలవాటు. ఆ బరువు టేకు దూలాల మీద పడుతుంది. ఎండకు సిమెంటు ఒకలా, సున్నం ఇంకోలా సాగి మధ్యలో ఖాళీ వస్తుంది, నీళ్ళు అందులో నిలుస్తాయి. తారు షీటు వేసినా ఇంతే. పగిలిన పలకలు తీసి, సున్నంతో సందులు కూరి, వాలు సరిచేయించడమే పని. పాత మేస్త్రీలు 60 లీటర్ల నీళ్ళలో సుమారు పావు తక్కువ రెండు కిలోల బెల్లం, కిలో మారేడు పండు గుజ్జు మరిగించి, కొట్టే సమయంలో చిలకరించేవారు. అది ఇప్పటికీ పనికొస్తుంది.

పెంకు కప్పు అయితే టేకు ట్రస్సుల (కప్పును మోసే త్రికోణపు చట్రాల) చివర్లు చూడండి. మధ్యలో ఎప్పుడూ బాగానే ఉంటుంది, గోడలో దూరిన చివరే పుచ్చుతుంది. స్క్రూడ్రైవరు మొన గుచ్చితే అరంగుళంకంటే లోపలికి దిగితే ఆ చివర పోయినట్టే. మొత్తం దూలం మార్చక్కర్లేదు, పుచ్చినంత కోసి పాత టేకుతోనే అతుకు వేసే వడ్రంగులు ఇంకా ఉన్నారు. ఇనుప ఐ బీము పెట్టించేముందు వాళ్ళను ఒక్కసారి పిలవండి. గోడలో దూరే చివర చుట్టూ గాలి ఆడేలా అంగుళం ఖాళీ వదలాలి, సిమెంటుతో కూరకూడదు.

రావి, మర్రి మొలకలు పెరికించొద్దు. వేరు ఇటుకను పట్టుకునే బయటికి వస్తుంది. కాండం గోడకు దగ్గరగా కోసి, కోసిన వెంటనే, పాలు గడ్డకట్టకముందే, కోతమీద కలుపుమందు బ్రష్షుతో రాయించండి. వేరు చచ్చి ఎండాక సందును సున్నంతో నింపాలి. బూరుగంత చెట్టయ్యాక ఇది కమిటీ చేతిలో పని కాదు.

గంట విషయంలో పెద్దలకు గట్టిగానే చెప్పాల్సి వస్తోంది. కంచు గంటలో నూటికి 77, 78 పాళ్ళు రాగి, మిగతాది తగరం. ఆ తగరం వల్లే మోత. ఆ తగరం వల్లే పెళుసు. గంట ఊగకుండా నాలుకకు మాత్రం తాడు కట్టి లాగడం చాలాచోట్ల అలవాటైంది. నాలుక దెబ్బ కొట్టాక గంటనుంచి వెంటనే వెనక్కి రావాలి. తాడు బిగిసి ఉంటే నాలుక గంటను ఒత్తిపట్టుకుంటుంది, అక్కడే చీలిక మొదలవుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఒకేచోట దెబ్బ తగిలి గుంట పడితే గంటను పావువంతు తిప్పి మళ్ళీ బిగించాలి. చీలిన గంటకు మామూలు వెల్డింగు పెట్టించొద్దు, చీలిక ఇంకా సాగుతుంది. పైన ఇనుప బోల్టులు తుప్పుపట్టి ఉబ్బితే గంట మెడ పగులుతుంది. ఏడాదికోసారి ఎవరైనా పైకెక్కి చూడాలి. ఎక్కినప్పుడు పిడుగుతీగ కూడా చూడండి. రంగు వేసేవాళ్ళు అడ్డమని కోసేస్తారు, కింద రాగిపట్టీ దొంగలు పట్టుకుపోతారు. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం రాగిపట్టీ శిఖరంనుంచి భూమిదాకా తెగకుండా ఉండాలి. ఎలక్ట్రీషియన్ కొలిస్తే ఎర్తింగ్ 10 ఓములకు లోపు రావాలి.

రంగుటద్దాల మీద ఒక్క మాటే. బయట పాలికార్బొనేట్ షీటు బిగించి సిలికాన్‌తో మూసేస్తే మధ్య గాలి ఎండకు కాగి సీసపు పట్టీలు మెత్తబడి అద్దం బొజ్జలా ముందుకు వస్తుంది. షీటు పెట్టాలంటే పైన, కింద వేలెడంత సందు వదలండి.

ఇప్పటిదాకా వాన, ఉప్పు సంగతి. మిగిలిన సగం అరుగుదల ఆరాధనవల్లే వస్తుంది, అది రాక తప్పదు. చర్చి మ్యూజియం కాదు. కోతకాల పండుగకు వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు రావాల్సిందే. వేలం అరుపులు వినపడాల్సిందే. అయితే అరటి బోదెను స్తంభానికి ఆనించి కట్టొద్దు. దాని రసం వెల్ల గోడమీద, పాలరాతిమీద పట్టిన మరక పోదు. కింద గోనె వేసి, ఇనుప స్టాండులో నిలబెట్టి కట్టండి. ధాన్యం వరండాలో పోయించండి, లోపలైతే అదే సాయంత్రం ఊడ్పించండి. రెండు రాత్రులు గింజలు మిగిలితే ఎలుకలు దిగుతాయి. ఎలుకకు ధాన్యం తర్వాత ఇష్టమైనది ఆర్గన్ తిత్తుల తోలు. మీ చర్చిలో పైపు ఆర్గన్ ఉంటే అది పాడవడానికి వాయించకపోవడం ఒక కారణమైతే, ఎలుక రెండోది.

క్రిస్మస్ దీపాలకు గోడల్లో మేకులు కొట్టించే పని మానండి. కార్నిసు (గోడ పైఅంచు) కింద ఒక్కసారి స్టీలు కొక్కేలు, ఇటుకలో కాకుండా సున్నపు సందుల్లో, మూడడుగులకొకటి పెట్టించుకుంటే ప్రతి ఏడూ తీగ తగిలించుకోవచ్చు. పందిరి గుంజలు పునాదికి నాలుగడుగుల దూరంలో పాతాలి. వాచ్‌నైట్ ఆరాధనకు (కొత్త సంవత్సరం ముందు రాత్రి జరిగేది) జనం చేతుల్లో కొవ్వొత్తులు ఉంటాయి, కాబట్టి ప్రతి పదో బెంచీ చివర ఇసుక బక్కెట్టు ఉండాలి. ట్రస్సుకు స్పీకర్లు వేలాడదీసేముందు బరువు ఎంతో అడగండి. పెళ్ళి డెకరేషన్‌వాళ్ళు టేకు బెంచీలకు డబుల్ టేపు అంటించడం, లక్క పాలిష్ ఊడదీయడం ఇప్పుడు ప్రతి శనివారం జరిగే పని. బుకింగ్ కాగితంలోనే రాయించండి: పూలను దారంతోనే కట్టాలి, టేపు వాడితే డిపాజిట్ తిరిగివ్వరు.

నవంబరు 2న, చనిపోయినవాళ్ళను తలచుకునే రోజున, సమాధుల దగ్గర జరిగేది ఇంకా బాధాకరం. ప్రేమతోనే చేస్తారు, కాదనం. కానీ ఏటా చెక్కుడు అక్షరాల మీద సున్నం పూస్తే ముప్పై ఏళ్ళకు పేరు మూసుకుపోతుంది. ఆపైన యాసిడ్ పోసి కడిగితే రాయే పోతుంది. మంచినీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్షు చాలు. కొవ్వొత్తులను రాతిమీద కాకుండా ఇసుక పళ్ళెంలో పెట్టమని స్త్రీల మైత్రి (చర్చిలో ఆడవాళ్ళ సంఘం) వాళ్ళు చెబితే జనం వింటారు, కమిటీ నోటీసు అంటిస్తే వినరు.

రిజిస్టర్లు మీ భవనంకంటే విలువైనవి. మద్రాసు కోట సెయింట్ మేరీస్‌లో 1680 నవంబరు 4న, తర్వాత మద్రాసు గవర్నరైన ఎలిహు యేల్ పెళ్ళి, 1753 ఫిబ్రవరి 18న రాబర్ట్ క్లైవ్ పెళ్ళి జరిగాయి. అక్కడి రికార్డులు చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు. మీ రిజిస్టర్లో గవర్నర్లు ఉండకపోవచ్చు. రైల్వే గార్డులు, రెజిమెంటు బ్యాండువాళ్ళు, మొదటి తరం బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలు ఉంటాయి. ఆ కుటుంబాలకు తాత పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉన్న మొదటి కాగితం చాలాసార్లు అదే. కంపెనీ కాలంనుంచి మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల జాబితాల నకళ్ళు లండన్‌కు వెళ్ళేవి, ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడ ఉన్నాయి కదా అని ఇక్కడి అసలును వదిలేయొద్దు, అవి చేతితో ఎత్తిరాసిన నకళ్ళు, తప్పులు దొర్లే వీలుంది. లామినేషన్ చేయించొద్దు. సెల్లోటేపు వేయొద్దు. ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. పుస్తకాన్ని రెండు దిండ్ల మధ్య సగం తెరిచి, పైనుంచి కెమెరాతో, ఖాళీ పేజీలతో సహా వరుసగా ఫోటోలు తీయండి. యౌవనస్థుల్లో ఇద్దరికి నేర్పితే ఒక సంపుటం రెండు మూడు పూటల పని. ఇనుప బీరువాలో కాకుండా గాలాడే చెక్క బీరువాలో, నేలకు అడుగు ఎత్తున పెట్టండి. ఫోటోల నకలు ఒకటి చర్చిలో, ఇంకొకటి డయోసిస్ ఆఫీసులో ఉండాలి.

పనికి దిగేముందు కాగితాలు. స్థలం దక్షిణ ఇండియా సంఘం ట్రస్టు అసోసియేషన్ పేరునుందా, కంటోన్మెంటు లెక్కల్లో సైన్యం భూమిగా ఉందా చూసుకోండి. సైన్యం భూమి అయితే ప్రహరీ కదిలించడానికి కూడా అనుమతి కావాలి. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కింద మీ భవనం జాబితాలో ఉందేమో కనుక్కోండి.

టెండరు రాసేటప్పుడు ఈ షరతులు ఉన్నవి ఉన్నట్టు వాడుకోండి. పాత పూతలోంచి అరచేతంత ముక్క తీసి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సున్నం కరిగించి, మిగిలిన ఇసుక తూకం చూసి పాత పాళ్ళు రాసివ్వాలి, ఇది దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో అవుతుంది. మొత్తం పనికి ముందు ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పున నమూనా పూత వేసి, కనీసం ఒక వానాకాలం చూశాకే మిగతా పనికి ఆర్డరు. సిమెంటు సంచి ఆవరణలోకి రాకూడదు, వస్తే ఆ నెల బిల్లు ఆగుతుంది. సున్నం మాగే గుంట కార్యదర్శి కంటికి కనబడేచోట, పని మొదలవడానికి నెల ముందు తవ్వాలి. ధర ఎవరు తక్కువ చెప్పారన్నదానికంటే ముందు, సున్నంతో చేసిన పని ఐదేళ్ళ తర్వాత ఎలా ఉందో రెండుచోట్ల చూపించగలిగినవాళ్ళ కొటేషన్లే తెరవాలి. మొత్తం డబ్బులో పదోవంతు, పని అయ్యాక వచ్చే రెండో వానాకాలం ముగిసేదాకా కోశాధికారి దగ్గరే ఉండాలి.

ఏ పని ఎప్పుడు, ఎవరితో, ఏ పాళ్ళతో చేయించారో ఒక గట్టి అట్ట పుస్తకంలో రాసి, ఫోటోలు అంటించి, కానుకల లెక్కల పుస్తకం పక్కనే పెట్టండి. కొత్త కమిటీ బాధ్యత తీసుకునే రోజు తాళాల గుత్తితోపాటు దాన్నీ సంతకం పెట్టించి అప్పగించండి.

ఇట్లు,
పాత చర్చిల సున్నం పని, కలప పని, రికార్డుల పని చేసే కొందరం